కెమెరాలో కనిపించేది ‘ఇప్పుడు’ కాదు.. కాస్త వెనుకటి దృశ్యం!

పొలాలు, షెడ్ల వద్ద సీసీ కెమెరాల ప్రసారంలో జాప్యం
ఇంటర్నెట్ ప్లాన్ మార్చేముందు గడియారంతో కొలవడం మేలు

కందుకూరు: అర్ధరాత్రి బోరుబావి వద్ద కుక్కలు మొరుగుతాయి. నగరంలో నివసిస్తున్న పొలం యజమాని ఉలిక్కిపడి లేచి సెల్‌ఫోన్‌లో కెమెరా దృశ్యాన్ని తెరుస్తాడు. ఇద్దరు ఆగంతకులు మోటారు తీగ వద్ద వంగి ఉన్నట్లు కనిపిస్తుంది. వెంటనే కాపలాదారుకు ఫోన్ చేసి ‘బాయి కాడనే ఉన్నరు, నువ్వు షెడ్డు ఎనక నుంచి పో’ అని తొందరపెడతాడు. అయితే అతడు చూస్తున్న దృశ్యం 20 సెకన్ల కిందటిది. ఆలోగా ఆ ఇద్దరూ బావిని విడిచి, షెడ్డు వెనుకకే చేరి ఉండవచ్చు. సాధారణ నడకతో మనిషి 20 సెకన్లలో సుమారు 28 మీటర్లు కదులుతాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ద్విచక్ర వాహనమైతే అదే వ్యవధిలో 220 మీటర్లు దాటిపోతుంది. ఇది ఊహించి చెప్పిన సందర్భమే అయినా, పొలంలో కెమెరా బిగించుకుని దూరంగా నివసిస్తున్న ఏ కుటుంబానికైనా ఎదురుకాగలదు. తెరపై ‘లైవ్’ అనే ఎర్రని అక్షరాలను నమ్మి ఒక మనిషిని చీకట్లోకి పంపడంలోనే అసలు ప్రమాదం దాగి ఉంది.

శ్రీశైలం రహదారిపై తుక్కుగూడ దాటాక వచ్చే కందుకూరు ప్రాంతం గత రెండు దశాబ్దాల్లో గణనీయంగా మారింది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైంది. తరువాత 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చింది. 2024 ఆగస్టులో మండలంలోని మీర్‌ఖాన్‌పేట వద్ద నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. భూముల విలువతో పాటు ఊరిలో లేని యజమానుల సంఖ్యా పెరిగింది. తోటలు, కోళ్ల షెడ్లు, పాడి పశువుల కొట్టాలు, చుట్టూ ప్రహరీ కట్టిన ఖాళీ స్థలాలు ఇక్కడ ఉంటే, వాటి యజమానులు దిల్‌సుఖ్‌నగర్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. వారిని ఈ నేలతో కలిపే తాడు సీసీ కెమెరాయే. ఆ దృశ్యం ఆగి ఆగి రావడం, ఐదారు సెకన్లు వెనుకబడడం, కొన్నిసార్లు నిమిషం దాటి ఆలస్యం కావడం తరచూ వినవచ్చే ఫిర్యాదే.

ఆలస్యం కనిపించగానే ఎక్కువ మంది చేసే పని ఇంటర్నెట్ ప్లాన్‌ను పెద్దదానికి మార్చడం. కొందరు కెమెరానే మారుస్తారు. రెండు సందర్భాల్లోనూ డబ్బు పోయాక జాప్యం యథాతథంగా మిగిలిపోయే అవకాశం ఉంది. జాప్యం ఒకే వ్యాధి కాకపోవడమే దీనికి కారణం.

దూరం దోషి కాదు

అమెరికాలో ఉన్న కుమారుడికి ఇంటి కెమెరా అర నిమిషం ఆలస్యంగా కనిపిస్తే ‘అంత దూరం కదా’ అని సరిపెట్టుకోవడం సహజం. నిజానికి దూరం పాత్ర అత్యల్పం. ఆప్టికల్ ఫైబర్ తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు పట్టేది 5 మిల్లీసెకన్లు, అంటే సెకనులో 200వ వంతు. సముద్ర గర్భంలోని తీగలు చుట్టు తిరిగి 20 వేల కిలోమీటర్లు సాగినా పట్టేది సెకనులో పదోవంతే. మిగిలిన 29 సెకన్లకు పైబడిన ఆలస్యమంతా మధ్యలో ఎక్కడో ‘ఆగి నిలిచిన’ కాలమే తప్ప ‘నడిచిన’ కాలం కాదు. ఆ ఆగిన చోటు కెమెరా కావచ్చు, రికార్డరు కావచ్చు, రూటరు కావచ్చు, కంపెనీ సర్వరు కావచ్చు, చివరకు చూస్తున్నవారి ఫోనే కావచ్చు.

గడియారంతో పరీక్ష

లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు. మూడు ఫోన్లు చాలు. మొదటి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపి కెమెరా ఎదుట పట్టుకోవాలి. రెండో ఫోన్‌లో కెమెరా యాప్ తెరిచి, ఆ స్టాప్‌వాచ్ కనిపిస్తున్న దృశ్యాన్ని ఉంచాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మూడో ఫోన్‌తో ఒకే ఫొటో తీయాలి. ఫొటోలో ఒక గడియారం 1 నిమిషం 14 సెకన్లు చూపుతూ, తెరలోని గడియారం 1 నిమిషం 8 సెకన్లు చూపితే ఆలస్యం 6 సెకన్లన్నమాట. కెమెరా దృశ్యంపై ముద్రితమయ్యే తేదీ, సమయాన్ని మాత్రం ఈ లెక్కకు వాడరాదు. ఆ గడియారమే తప్పు నడుస్తూ ఉండవచ్చు.

ఈ పరీక్షలో పొరపాటు జరిగే చోటు ఒకటుంది. రెండో ఫోన్ అదే ఇంటి వైఫైలో ఉంటే దృశ్యం బయటకు పోకుండా నేరుగా వచ్చేయవచ్చు. అప్పుడు ఆలస్యం తక్కువగా కనిపించి, కెమెరా బాగానే ఉందనిపిస్తుంది. కాబట్టి ఆ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాపై పరీక్షించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది రెండో ఫొటో. యాప్‌ను మూసివేయకుండా పది నిమిషాలు అలాగే నడవనిచ్చి మరొక ఫొటో తీయాలి. మొదట 6 సెకన్లున్న ఆలస్యం అప్పుడూ 6 సెకన్లే ఉంటే అది ‘స్థిరమైన’ జాప్యం. ఎవరో కావాలని కొంత దృశ్యాన్ని నిల్వ చేసి ఇస్తున్నారని అర్థం. 6 సెకన్లు కాస్తా 25 సెకన్లయితే అది ‘పెరిగే’ జాప్యం. వచ్చే సరకు ఎక్కువ, పోయే దారి ఇరుకు అని అర్థం. యాప్ మూసి మళ్లీ తెరవగానే ఆలస్యం తగ్గి, కాసేపటికి తిరిగి పెరిగినా ఇదే తీర్పు. ఈ రెండింటికీ చికిత్స వేరు. స్థిరమైన జాప్యానికి ఇంటర్నెట్ వేగం పెంచడం దాదాపు నిష్ఫలం. పెరిగే జాప్యానికి యాప్ మార్చడం వ్యర్థం. ఈ తేడా తెలియకనే చాలా డబ్బు వృథా అవుతోంది.

పెరిగే జాప్యం: కాలువ చిన్నది, నీరు ఎక్కువ

బోరు మూడు అంగుళాల నీరు పోస్తుంటే అంగుళంన్నర పైపు బిగిస్తే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కెమెరా విషయంలోనూ అదే జరుగుతుంది. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల సమాచారాన్ని తయారు చేస్తోందనుకుందాం. పొలంలోని సిమ్ రూటరు సెకనుకు 3 మెగాబిట్లే బయటకు పంపగలదు. ప్రతి సెకనుకు ఒక మెగాబిట్ వెనుకబడిపోతుంది. నిమిషం తిరిగేసరికి 60 మెగాబిట్లు వరుసలో నిలిచిపోతాయి. వాటిని పంపడానికే 20 సెకన్లు పడుతుంది. అంటే నిమిషంలోనే దృశ్యం 20 సెకన్లు వెనుకబడింది. ఈ వరుస అనంతంగా పెరగదు. నిల్వ స్థలం నిండాక కొన్ని ఫ్రేములు రాలిపోతాయి, చిత్రం గడ్డకడుతుంది, లేదా సంబంధం తెగి మళ్లీ మొదలవుతుంది. చిత్రం అకస్మాత్తుగా దూకడం, మనిషి ఒక చోట మాయమై మరో చోట ప్రత్యక్షం కావడం దీని ఆనవాళ్లే.

ఇక్కడ గమనించాల్సింది ఇంటర్నెట్ ‘దిగుమతి’ వేగం కాదు, ‘ఎగుమతి’ వేగం. వేగాన్ని కొలిచే యాప్‌లు రెండు అంకెలు చూపుతాయి. సినిమా చూసేవారికి మొదటిది, అంటే డౌన్‌లోడ్ ముఖ్యం. కెమెరా ఉన్న చోట మాత్రం రెండోదైన అప్‌లోడే ప్రాణం. మొబైల్ సిమ్‌లపై ఈ రెండో అంకె సాధారణంగా మొదటిదానికన్నా బాగా తక్కువగా ఉంటుంది. 40 మెగాబిట్లు వస్తున్నాయని సంతోషించే చోట పైకి పోయేది రెండు మూడు మెగాబిట్లే కావచ్చు. పరీక్షను ఇంట్లో కాదు, కెమెరా ఉన్న పొలం వద్దనే, రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య, అందరూ ఫోన్లు చూసే వేళలో చేస్తే నిజం బయటపడుతుంది.

దీనికి చవకైన పరిష్కారం దాదాపు ప్రతి కెమెరాలోనూ సిద్ధంగా ఉంది. కెమెరా ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా పంపగలదు. పెద్దది మెయిన్ స్ట్రీమ్, చిన్నది సబ్ స్ట్రీమ్. యాప్‌లో కనిపించే హెచ్‌డీ, ఎస్‌డీ అనే మీట సాధారణంగా ఈ రెండింటి మధ్య మార్చేదే. పెద్ద దృశ్యాన్ని అక్కడే ఉన్న రికార్డరులోనో, మెమొరీ కార్డులోనో నిల్వ చేసుకుని, ఫోన్‌కు మాత్రం సెకనుకు అర మెగాబిట్ ఉండే చిన్న దృశ్యాన్ని పంపితే చాలు. నాలుగు కెమెరాలు పెద్ద దృశ్యాన్ని పంపితే 16 మెగాబిట్లు కావాలి. చిన్నదైతే 2 మెగాబిట్లతో సరిపోతుంది. మనిషి ఎటు నడుస్తున్నాడో తెలుసుకోవడానికి చిన్న దృశ్యం సరిపోతుంది. ముఖం గుర్తుపట్టవలసి వస్తే నిల్వ ఉన్న పెద్ద దృశ్యాన్ని తరువాత తీసుకోవచ్చు.

పగలు బాగుండి రాత్రి మాత్రమే ఆలస్యమవుతోందని చెప్పేవారుంటారు. అందులో వింతేమీ లేదు. వెలుతురు తగ్గినప్పుడు చిత్రంలో ఇసుక చల్లినట్లు చుక్కలు కదులుతుంటాయి. ఆ చుక్కలనూ కదలికగానే భావించి కెమెరా ఎక్కువ సమాచారం తయారు చేస్తుంది. కెమెరా దీపాల వెలుగుకు చేరే పురుగులు, కటకం ముందు ఊగే సాలెగూడు కూడా అదే పని చేస్తాయి. గుడ్డతో కెమెరాను తుడిచి, చుట్టూ ఉన్న సాలెగూళ్లను తొలగించడం కూడా జాప్య నివారణలో భాగమే. సెట్టింగుల్లో బిట్‌రేట్‌కు గరిష్ఠ పరిమితి విధిస్తే రాత్రిపూట పెరుగుదల అదుపులో ఉంటుంది.

ప్రతిరోజూ ఒకే వేళకు మొరాయిస్తే..

రోజూ మధ్యాహ్నం వరకు చక్కగా నడిచి తరువాత కెమెరా చతికిలబడితే ముందుగా అనుమానించవలసింది సిమ్ కార్డు డేటా పరిమితిని. రోజుకు 2 జీబీ ప్లాన్‌లో ఆ మొత్తం అయిపోయాక వేగం సాధారణంగా సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. చిన్న దృశ్యానికి అవసరమైన దానిలో అది ఎనిమిదో వంతు మాత్రమే. సెకనుకు 4 మెగాబిట్ల పెద్ద దృశ్యాన్ని ఎడతెగకుండా చూస్తే 2 జీబీ దాదాపు గంటా 7 నిమిషాల్లో హరించుకుపోతుంది. అర మెగాబిట్ చిన్న దృశ్యమైతే దాదాపు 8 గంటల 50 నిమిషాలు వస్తుంది. పొలంలో కెమెరా తెరిచి ఫోన్‌ను బల్లపై వదిలేయడం, ఒకే కెమెరాను ఇంటిల్లిపాదీ నలుగురు నాలుగు ఫోన్లలో చూడడం ఈ లెక్కను ఇంకా త్వరగా ముగిస్తాయి. చూసే ప్రతి ఫోన్‌కూ పొలం నుంచి వేరుగా ఒక ప్రతి బయలుదేరవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. దృశ్యాన్ని ఇరవై నాలుగు గంటలూ కంపెనీ సర్వరుకు ఎక్కించే పద్ధతి పెట్టుకుంటే అర మెగాబిట్ దృశ్యానికి సైతం రోజుకు 5.4 జీబీ కావాలి.

స్థిరమైన జాప్యం: నిల్వ పెట్టి వడ్డించడం

క్రికెట్ మ్యాచ్ జరిగే రోజుల్లో ఈ జాప్యం అందరికీ అనుభవమే. పక్కింటి టీవీ ముందు కేకలు మిన్నంటుతాయి. కాసేపటికి మన ఫోన్‌లో వికెట్ పడుతుంది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను ఒక దశలో ఏకకాలంలో 5.9 కోట్ల మంది ఫోన్లు, టీవీల్లో ఇంటర్నెట్ ద్వారా చూశారు. అంతమందికి ఒకేసారి దృశ్యాన్ని అందించడానికి వాడే పద్ధతుల్లో యాపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ ప్రసిద్ధమైనది. ఇందులో దృశ్యాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోస్తారు. మొదట్లో 10 సెకన్ల ముక్కలను సిఫారసు చేసేవారు, తరువాత 6 సెకన్లకు తగ్గించారు. ముక్క పూర్తయితే గాని బయలుదేరదు. పైగా ఫోన్‌లోని ప్లేయరు సాధారణంగా మూడు ముక్కల నిల్వ ఉంచుకునే మొదలవుతుంది. 6 సెకన్ల చొప్పున మూడు ముక్కలంటే 18 సెకన్లు, 10 చొప్పునైతే 30 సెకన్లు. ఇంటర్నెట్ ఎంత వేగంగా ఉన్నా ఈ జాప్యం తగ్గదు, ఎందుకంటే అది లోపం కాదు, పద్ధతి. దానివల్ల లాభమూ ఉంది. మధ్యలో సిగ్నల్ రెండు మూడు సెకన్లు పోయినా నిల్వలోంచి దృశ్యం సాగిపోతుంది.

కోట్ల మందికి అనువైన ఈ పద్ధతి ఒకే ఒక్క మనిషి చూసే పొలం కెమెరాకు తగదు. కెమెరాలు లోపల మాట్లాడేది సాధారణంగా ఆర్‌టీఎస్‌పీ అనే భాష. 1998లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతిలో దృశ్యం ముక్కల కోసం ఆగకుండా ధారగా వస్తుంది. ఆలస్యం ఒకటి రెండు సెకన్లకు మించనవసరం లేదు. బ్రౌజర్లలో ముఖాముఖి సంభాషణల కోసం రూపొంది, 2021 జనవరిలో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన వెబ్‌ఆర్‌టీసీ పద్ధతి దానిని సెకను లోపునకు తెస్తుంది. కెమెరా కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు అడిగేవారు ఎందరో ఉన్నారు. ‘మొబైల్ డేటాపై లైవ్ ఎన్ని సెకన్లు ఆలస్యమవుతుంది?’ అని అడిగి, దుకాణంలోనే స్టాప్‌వాచ్‌తో చూపించమనేవారు అరుదు.

కంప్యూటరులో వీఎల్‌సీ వంటి ప్లేయరుతో కెమెరా చూసేవారికి ఒక సులువుంది. ఆ ప్లేయరు నెట్‌వర్క్ దృశ్యాలను సాధారణంగా 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక సెకను నిల్వ చేసి చూపుతుంది. సెట్టింగుల్లో దానిని 300కు తగ్గించవచ్చు. మరీ తగ్గిస్తే చిత్రం తునకలవుతుంది. కెమెరా, కంప్యూటరు రెండూ ఒకే ఇంటి తీగపై ఉంటేనే ఇది క్షేమం. సిమ్ రూటరు మీదుగా వచ్చే దృశ్యానికి నిల్వను కాస్త ఎక్కువగానే ఉంచాలి.

తెరవగానే మొదటి చిత్రం రావడానికి నాలుగైదు సెకన్లు పట్టడం వేరొక సమస్య. కెమెరా ప్రతి ఫ్రేమునూ పూర్తిగా పంపదు. ఒక పూర్తి చిత్రం పంపి, తరువాత మారిన భాగాలను మాత్రమే పంపుతూ పోతుంది. కొత్తగా తెరిచినవారు మరుసటి పూర్తి చిత్రం వచ్చేవరకు వేచి ఉండాలి. సెకనుకు 25 ఫ్రేములు పంపే కెమెరాలో ఐ-ఫ్రేమ్ విరామం 50 అని ఉంటే 2 సెకన్లకొక పూర్తి చిత్రం వస్తుంది. అది 200 అని ఉంటే 8 సెకన్లు. నిల్వ స్థలం ఆదా చేసే ‘ప్లస్’ పద్ధతులను ఎంచుకున్న కొన్ని కెమెరాల్లో ఈ విరామం దానంతటదే పెరిగిపోతుంది. ఫోన్‌కు పంపే చిన్న దృశ్యానికి ఆ పద్ధతిని ఆపి, విరామాన్ని ఒకటి రెండు సెకన్లకు సరిచేస్తే దృశ్యం వెంటనే తెరుచుకుంటుంది.

దారిని మూడు తుంటలు చేసి చూడాలి

గడియారం పరీక్షలో ఆలస్యం తేలాక అది ఏ భాగంలో ఉందో కనుక్కోవడానికి అదే గడియారాన్ని మరో రెండు చోట్ల వాడాలి. మొదట రికార్డరుకే నేరుగా టీవీ తగిలించి చూడాలి. అక్కడే రెండు మూడు సెకన్ల ఆలస్యం ఉంటే బయటి ఇంటర్నెట్‌కు దానితో సంబంధం లేదు. కెమెరా నుంచి రికార్డరుకు వచ్చే మార్గమే బలహీనం. తరువాత అదే ఆవరణలోని వైఫైపై ఫోన్‌తో చూడాలి. టీవీలో బాగుండి ఇక్కడ ఆలస్యమైతే తప్పు వైఫైదో, ఫోన్‌దో. ఈ రెండు చోట్లా బాగుండి మొబైల్ డేటాపై మాత్రమే వెనుకబడితే అప్పుడు అప్‌లోడ్ వేగాన్నీ, కంపెనీ సర్వరునూ అనుమానించాలి.

మొదటి తుంటలో దొరికే దోషాలు మన పల్లెలకు బాగా తెలిసినవే. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్లకు మించి లాగరాదన్నది ప్రమాణం. గేటు నుంచి షెడ్డుకు 150 మీటర్లు ఒకే తీగ లాగి, మధ్యలో టేపు చుట్టి అతికిన చోట్ల సమాచారం రాలిపోయి మళ్లీ మళ్లీ పంపవలసి వస్తుంది. దూరం ఎక్కువైతే మధ్యలో స్విచ్ పెట్టాలి, లేదా ఫైబర్ వాడాలి. వైఫై కెమెరాలకు రేకుల షెడ్డు పెద్ద శత్రువు. ఇనుప రేకు సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. రూటరును షెడ్డు లోపల బియ్యం బస్తాల పక్కన పెట్టి, కెమెరాను బయటి గోడకు బిగిస్తే ఎంతటి ప్లాన్ తీసుకున్నా ఫలితం ఉండదు. రూటరును కిటికీ వద్దకు మార్చడమో, యాంటెనాను రేకుల పైకి తేవడమో చేస్తే ఖర్చు లేకుండానే సగం జాప్యం పోవచ్చు.

మూడో తుంటలో ఒక చిక్కుంది. మొబైల్ సిమ్‌లపై ఒకే బహిరంగ చిరునామాను అనేక మంది వినియోగదారులకు పంచడం రివాజు. దానివల్ల ఫోన్, కెమెరా ఒకదానికొకటి నేరుగా చేరలేనప్పుడు దృశ్యం కంపెనీ సర్వరు మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. ఆ సర్వరు రద్దీగా ఉంటే ఆలస్యం అక్కడే పేరుకుంటుంది. దీన్ని తప్పించడానికి కొందరు బిగింపుదారులు రూటరులో ‘పోర్టు’ తెరిచి కెమెరాను నేరుగా ఇంటర్నెట్‌కు అంటగడతారు. జాప్యం తగ్గే మాట నిజమే. కానీ అది ప్రహరీకి కన్నం పెట్టి దగ్గరి దారి చేసుకోవడం వంటిది. 2016 అక్టోబరు 21న అమెరికాలో ప్రముఖ వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసిన మిరాయి దాడికి ఆయుధాలైనవి ఇటువంటి కెమెరాలు, రికార్డర్లే. కొన్నప్పుడు ఉన్న పాస్‌వర్డును యజమానులు మార్చకపోవడమే దాడి చేసినవారికి కలిసివచ్చింది. రెండు సెకన్ల ఆలస్యం తగ్గించుకోబోయి ఇంటి ఆవరణను అపరిచితులకు చూపించడం ఏ లెక్కన చూసినా నష్టమే. నేరుగా చేరాలనుకునేవారు వీపీఎన్ అనే మూసిన దారిని ఏర్పాటు చేయించుకోవాలి.

చూసే ఫోన్‌నూ మరువరాదు. నాలుగైదేళ్ల కిందటి ఫోన్‌లో హెచ్.265 పద్ధతిలో వచ్చే పెద్ద దృశ్యాన్ని విప్పి చూపడానికే చాలినంత శక్తి లేకపోవచ్చు. సమాచారం సకాలంలో చేరినా తెరపైకి రావడానికి ఆలస్యమవుతుంది. ఒకే తెరపై పదహారు గళ్లు తెరిచినప్పుడు ఇది మరీ ఎక్కువ. మరో ఫోన్‌లో అదే యాప్‌ను తెరిచి పోలిస్తే సంగతి తేలిపోతుంది.

ఎంత ఆలస్యం తగునో పనిని బట్టి..

ప్రతి జాప్యాన్నీ రూపుమాపవలసిన అవసరం లేదు. కోళ్ల షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడడానికి అర నిమిషం ఆలస్యం ఏ హానీ చేయదు. పెళ్లి వేడుకను యూట్యూబులో విదేశాల్లోని బంధువులకు చూపేటప్పుడు జాప్యం తగ్గించాలని చూడడమే పొరపాటు. అక్కడ సాధారణ, తక్కువ, అతి తక్కువ అని మూడు స్థాయిలుంటాయి. సాధారణ స్థాయి ఎంచుకుంటే దృశ్యం ఆగకుండా, స్పష్టంగా వస్తుంది. జీలకర్ర బెల్లం ఘట్టం డల్లాస్‌లో 20 సెకన్లు ఆలస్యంగా కనిపించినంత మాత్రాన ముహూర్తం తప్పదు. మండపం నుంచి ఫోన్ చేసి ముందే చెప్పేవారు లేకుంటే చాలు!

వృద్ధులైన తల్లిదండ్రుల కోసం ఇంట్లో కెమెరా పెట్టి, దానిలోని మైకు ద్వారా మాట్లాడేవారికి మాత్రం సెకను కూడా ఎక్కువే. టెలిఫోన్ సంభాషణ సహజంగా సాగాలంటే మాట ఒక వైపు నుంచి మరో వైపుకు 150 మిల్లీసెకన్లలో చేరాలని, 400 దాటరాదని అంతర్జాతీయ టెలికాం సంఘం ప్రమాణం. కెమెరా యాప్‌లో నాలుగు సెకన్లు ఆలస్యమైతే ‘నాయనా, మందులేసుకున్నవా?’ అనే ప్రశ్న చేరేలోపు ఆయన వేరే మాట మొదలుపెడతారు. ఇద్దరి మాటలు ఢీకొంటాయి. పలకరింపుకు మామూలు ఫోన్ కాల్ వాడి, కెమెరాను చూపునకే పరిమితం చేయడం ఉత్తమం.

దొంగతనం విషయానికొస్తే, తాను చూస్తున్న దృశ్యం ఎన్ని సెకన్లు వెనుకటిదో యజమానికి ముందే తెలిసి ఉండాలి. గడియారం పరీక్షలో తేలిన అంకెను కాపలాదారుకూ చెప్పి ఉంచాలి. ఆగంతకులు కనిపించినప్పుడు ‘ఫలానా చోట ఉన్నారు’ అని దారి చూపుతూ ఒంటరి మనిషిని ముందుకు పంపరాదు. 100కు గాని 112కు గాని వెంటనే ఫోన్ చేసి, కాపలాదారును తలుపు వేసుకుని లోపలే ఉండమనాలి. ఆవరణలో దీపాలు, సైరను ఉంటే దూరం నుంచే వేయాలి. కదలిక గుర్తించి కెమెరా పంపే హెచ్చరిక వేరే దారిలో వస్తుంది కనుక, చాలాసార్లు దృశ్యం కంటే ముందే చేరుతుంది. అయితే బ్యాటరీ ఆదా పేరిట ఫోన్ ఆ హెచ్చరికను ఆపివేయకుండా కెమెరా యాప్‌కు మినహాయింపు ఇచ్చి ఉంచాలి.

రికార్డుకు జాప్యం లేదు

లైవ్ ఎంత ఆలస్యమైనా, రికార్డరులోనో మెమొరీ కార్డులోనో నిల్వయ్యే దృశ్యానికి బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చేసిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలను కెమెరాలు పెట్టి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచమంటోంది. పోలీసులకు పనికివచ్చేది ఆ రికార్డే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం అటువంటి ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువపత్రంతో సమర్పించాలి. అక్కడ దృశ్యంపై ఉన్న సమయం కీలకమవుతుంది.

ఆ సమయమే తప్పుగా ఉన్న కెమెరాలు తక్కువేమీ కావు. కొత్త పరికరాన్ని చైనా కాలమానంలోనే వదిలేస్తే మన సమయం కన్నా రెండున్నర గంటలు ముందు చూపుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి పోయే రికార్డర్లూ ఉన్నాయి. సెట్టింగుల్లో కాలమండలాన్ని 5.30గా ఉంచి, ఎన్‌టీపీ అనే చోట టిక్కు పెడితే పరికరం ఇంటర్నెట్ నుంచి సరైన సమయాన్ని తానే తెచ్చుకుంటుంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటే దానినీ మార్పించాలి. లేకపోతే కెమెరా తెరిచి దృశ్యంపై వెనుకటి సమయం చూసిన యజమాని, లేని జాప్యాన్ని వెతుకుతూ మళ్లీ ఇంటర్నెట్ ప్లాన్ మార్చే ప్రమాదముంది.